కొబ్బరి చిప్ప బొగ్గుతో ఇంట్లో కట్టుకున్న వాసనల ఫిల్టరు: ఏడు నెలల వాడకం తర్వాత

విశాఖపట్నంలో మేముంటున్న ఫ్లాటులో వంటగదిని ఆనుకొని పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు ఉన్న గది ఒకటుంది. మా అత్తగారు పడుకునేది అందులోనే. దానికున్న ఒకే ఒక్క కిటికీ బయటి గాలికి కాకుండా డక్టులోకి, అంటే అన్ని అంతస్తులకూ ఉమ్మడిగా ఉండే నిలువు సందులోకి తెరుచుకుంటుంది. ఉదయం ఎనిమిదయ్యేసరికి కింది మూడంతస్తుల తాలింపులూ, ఎవరో కడిగిన ఫినాయిలూ, సెలవు రోజైతే ఎండు నెత్తళ్ళ వేపుడూ ఆ కిటికీలోంచే మా ఇంట్లోకి వస్తాయి. కిటికీ మూసేస్తే గది ముక్క వాసన కొడుతుంది, తెరిస్తే అపార్టుమెంటు మొత్తం వంట మనమే చేసినట్లు ఉంటుంది. ఈ ఇబ్బందికి మందుగా గత ఫిబ్రవరిలో నేను స్వయంగా కట్టుకున్న యాక్టివేటెడ్ కార్బన్ ఫిల్టరు గురించి, అందులో పోసిన బొగ్గు గురించి నా అనుభవాన్ని ఇక్కడ రాస్తున్నాను.

ఫిల్టరు కట్టడానికి ముందు ఒక రెడీమేడ్ యంత్రం కొని చూశాను. వాసనలను పూర్తిగా పీల్చేస్తుందని దాని పెట్టెమీద రాసి ఉంది. రెండు వారాలు ఆడించినా మా అత్తగారి ముక్కుకు తేడా తెలియలేదు. విప్పి చూస్తే, కార్బన్ ఫిల్టరు అని పేరుపెట్టింది అర సెంటీమీటరు మందం కూడా సరిగా లేని ఒక నల్లటి స్పాంజి రేకు. వంటింటి త్రాసులో తూచితే స్పాంజితో కలిపి 60 గ్రాములు తూగింది. దాని పొడవు, వెడల్పు, మందం గుణిస్తే అరలీటరుకు తక్కువ. ఆ యంత్రం చెప్పుకున్న లెక్క ప్రకారం దాంట్లోంచి సెకనుకు సుమారు 55 లీటర్ల గాలి పోతుంది. అంటే గాలి ఆ రేకులో నిలిచేది సెకనులో నూట ఇరవయ్యో వంతు. ఆ వ్యవధిలో వాసన అణువు బొగ్గును వెతుక్కొని అతుక్కోవడమన్నది, కదిలే బస్సు కిటికీలోంచి చేయి చాచి చెట్టు కాయ కోయడం లాంటిది. ఒకటో అరో చేతికి వస్తే రావచ్చు.

ఈ బొగ్గు పని చేసే తీరు తెలిస్తే, ఫిల్టరు ఎందుకు అంత లావుగా ఉండాలో అర్థమవుతుంది. మామూలు బొగ్గును 800 నుంచి 1,000 డిగ్రీల సెల్సియస్ మధ్య నీటి ఆవిరితో మళ్ళీ కాల్చినప్పుడు దాని లోపల లెక్కలేనన్ని సూక్ష్మరంధ్రాలు తెరుచుకుంటాయి. యాక్టివేటెడ్ కార్బన్ అంటే అదే. వాటి గోడలన్నీ కలిపితే ఒక్క గ్రాము బొగ్గుకు వెయ్యి చదరపు మీటర్ల ఉపరితలం వరకూ వస్తుంది. వాసన అణువులు ఆ గోడలకు అంటుకుంటాయి. దీన్ని పాఠ్యపుస్తకాల్లో అధిశోషణం అంటారు. స్పాంజి నీటిని తాగినట్లు లోపలికి ఇంకించుకునే శోషణం వేరు, ఇది వేరు. బొగ్గు వాయువులను పట్టుకుంటుందన్న సంగతిని 1773లోనే షీలే అనే రసాయన శాస్త్రవేత్త గుర్తించారు. మొదటి ప్రపంచ యుద్ధంలో విషవాయు ముసుగుల్లో కొబ్బరి చిప్ప బొగ్గును నింపారు. అమెరికాలో కొబ్బరి చిప్పలు చాలక, పీచ్ అనే పళ్ళ గింజలు పారేయకుండా తెచ్చి ఇవ్వండని ప్రజలను అడిగారు. మన ఇళ్ళలో పొయ్యిలోకీ పెంటకుప్ప మీదికీ పోయే చిప్పకు అంత చరిత్ర ఉంది.

కొబ్బరి చిప్ప బొగ్గునే ఎంచుకోవడానికి కారణం, దాని రంధ్రాలు అతి సన్నవి కావడం. గాలిలో తేలే చిన్న అణువులను పట్టడానికి అవే కావాలి. కర్ర బొగ్గుతో చేసిన కార్బన్‌లో రంధ్రాలు పెద్దవి కాబట్టి అది ద్రవాల రంగు తీసేయడానికి బాగా పనికొస్తుంది. పైగా చిప్ప బొగ్గు గట్టిది, తొందరగా పొడి కాదు. కొనేటప్పుడు నేను చేసిన మొదటి పొరపాటు, నీళ్ళ ఫిల్టర్ల సామాను అమ్మే దుకాణంలో కిలో తేవడం. అది రవ్వంత సన్నంగా ఉంటుంది. నీళ్ళకు అది సరైనదే కానీ, గాలికి అడ్డుగోడలా నిలబడుతుంది. చిన్న ఫ్యానుకు దాన్ని దాటే శక్తి ఉండదు. గాలి కోసమైతే 4×8 మెష్ అని అడగాలి. అంటే గుళిక పరిమాణం సుమారు రెండున్నర నుంచి ఐదు మిల్లీమీటర్ల లోపు, మన శనగపప్పు బద్ద మొదలుకొని చిన్న శనగ గింజ దాకా అనుకోవచ్చు.

ఆన్‌లైన్‌లో 5 కిలోల సంచి 900 రూపాయలకు తెప్పించాను. అమ్మకందారు పేజీలో అయొడిన్ విలువ 1,000 అని ఉంది. ఒక గ్రాము బొగ్గు ఎన్ని మిల్లీగ్రాముల అయొడిన్‌ను పట్టుకుంటుందో చెప్పే అంకె అది. 900 దాటితే మంచి సరుకు కిందే లెక్క. అయితే ఆ కొలత ద్రవంలో చేసేది. గాలి పనికి కార్బన్ టెట్రాక్లోరైడ్ శాతం (బొగ్గు తన బరువులో ఎంత శాతం ఆ ఆవిరిని పట్టుకుంటుందో చెప్పే అంకె) అడగాలని, అది 50 పైన ఉంటే మేలని తర్వాత తెలుసుకొని అమ్మకందారుకు రాస్తే, పరీక్ష పత్రం పంపుతామన్నారు. పత్రం ఇప్పటికీ రాలేదు. కాబట్టి నాకు చేతనైన పరీక్షలే చేసుకున్నాను. గుప్పెడు గుళికలు గాజు గ్లాసులోని నీళ్ళలో వేస్తే, రంధ్రాల్లోని గాలిని నీరు తోసేస్తుండగా సన్నని బుడగలు బుస్సుమంటూ చాలాసేపు పైకి వచ్చాయి. అదే నీళ్ళలో ఇస్త్రీ బొగ్గు ముక్క వేస్తే నాలుగు బుడగలు వచ్చి ఊరుకుంది, ముక్క తేలుతూ కూర్చుంది. గుళికలను వేళ్ళ మధ్య నలిపితే నలగలేదు. ఈ రెండింటితో నాణ్యత ఎంతో తేలదు కానీ, మామూలు బొగ్గును పగలగొట్టి పంపలేదన్న నమ్మకం మాత్రం కుదిరింది. సంచి అడుగున దాదాపు పావు కిలో పొడి ఉండటం ఒక్కటే నాకు నచ్చని విషయం.

కట్టడం పెద్ద విద్యేమీ కాదు. పూర్ణా మార్కెట్ దగ్గర అర అంగుళం కన్ను జీఐ (జింకు పూత వేసిన ఇనుప) జాలీ, స్టీలు దోమల జాలీ కొని, ఒకదానిలో ఒకటి ఇమిడే రెండు గొట్టాలు చుట్టాను. బయటి గొట్టం అడ్డుకొలత 20 సెంటీమీటర్లు, లోపలిది 12, ఎత్తు 30. జీఐ జాలీ ఆకారాన్ని నిలబెడుతుంది, దోమల జాలీ గుళికలు రాలకుండా ఆపుతుంది. రెండు గొట్టాల మధ్య చుట్టూ వచ్చే నాలుగు సెంటీమీటర్ల సందులో బొగ్గు పోస్తే సరిగ్గా 3 కిలోలు పట్టింది. అడుగున ప్లైవుడ్ బిళ్ళ, పైన మధ్యలో చిల్లు ఉన్న ప్లైవుడ్ చక్రం, ఆ చిల్లుమీద కంప్యూటర్లలో వాడే 12 సెంటీమీటర్ల, 12 వోల్టుల ఫ్యాను. ఫ్యాను లోపలి గాలిని పైకి లాగుతుంది. ఆ ఖాళీ నింపడానికి గదిలోని గాలి నలువైపుల నుంచీ బొగ్గులోంచి నడిచి రావాలి. ప్లైవుడ్ చక్రాలు మాత్రం వడ్రంగి చేతే కోయించాను, నా చేతి వంకర నాకు తెలుసు కాబట్టి.

మొదటి వారం ఈ ఫిల్టరు రెడీమేడ్ యంత్రానికంటే ఘోరంగా పనిచేసింది. ఎందుకో రెండు రోజులు అర్థం కాలేదు. పైచక్రం ఊడదీసి చూస్తే, ఫ్యాను అదురుకూ నేను గదిలో అటూ ఇటూ జరపడానికీ బొగ్గు కుదించుకొని, పైన వేలెడు సందు ఏర్పడింది. గాలికి పంతం ఉండదు. తేలికైన దారి కనబడితే బొగ్గు జోలికే పోదు. మూడు కిలోల బొగ్గూ అలంకారంగా నిలబడి ఉండగా, వాసనంతా ఆ సందులోంచి లోపలికి వెళ్ళి ఫ్యానులోంచి బయటికి వచ్చింది. బియ్యం డబ్బాను తట్టి కుదించినట్లు గొట్టాన్ని నేలకు తడుతూ మళ్ళీ నిండా పోశాను. రెండు గొట్టాల పైభాగాన మూడు సెంటీమీటర్ల మేర జాలీకి టేపు చుట్టేశాను. ఇకమీద బొగ్గు కాస్త దిగినా సందు టేపు వెనకే ఉంటుంది కాబట్టి గాలికి అడ్డదారి దొరకదు. చక్రాల అంచులకు తలుపు సందుల్లో అతికించే ఫోము పట్టీ వేశాను. ఎవరైనా ఇలాంటిది కట్టదలిస్తే, బొగ్గు రకం గురించి వారం రోజులు చదివేకంటే ఈ మూడు సెంటీమీటర్ల టేపు గురించి ముందుగా ఆలోచించడం మంచిది.

నలుపు సంగతి కూడా చెప్పాలి. జల్లించకుండా పోసిన మొదటి రోజున మా అత్తగారి తెల్లటి దుప్పటిమీద బూడిదరంగు పొర పడింది, ఆవిడ ఏమన్నారో ఇక్కడ అనవసరం. రెండోసారి ముక్కుకు మాస్కు కట్టుకొని, డాబామీద గాలివాలుకు నిలబడి, రవ్వ జల్లెడతో మొత్తం జల్లించాను. కడిగితే పొడి ఇంకా బాగా పోతుంది కానీ, తడిసిన బొగ్గును పూర్తిగా ఎండబెట్టడానికి మన తీరంలో రోజులు పడతాయి. లోపలి గొట్టానికి పాత పంచె గుడ్డ ఒక పొర చుట్టి, బయట కూడా ఒక పొర చుట్టాను. లోపలిది బొగ్గు పొడిని ఆపుతుంది. బయటిది గదిలోని దుమ్మునూ నూనె ఆవిరినీ ఆపుతుంది. నూనె జిడ్డు పట్టిన బొగ్గుకు రంధ్రాలు మూసుకుపోతాయి కనుక, బయటి గుడ్డను పదిహేను రోజులకొకసారి విప్పి ఉతకడం తప్పనిసరి.

ఎంత గాలి పోతోందో తెలుసుకోవడానికి 100 లీటర్ల చెత్త సంచిని నలిపి ఫ్యాను మూతికి పట్టుకొని, అది నిండటానికి పట్టే సమయం లెక్కపెట్టాను. మూడుసార్లు చేస్తే సగటున 9 సెకన్లు వచ్చింది. అంటే సెకనుకు 11 లీటర్లు, గంటకు సుమారు 40 ఘనపు మీటర్లు. ఇది ప్రయోగశాల కొలత కాదు, కానీ ఫ్యాను పెట్టెమీద రాసిన అంకెలో సగం కూడా లేదని చెప్పడానికి సరిపోతుంది. బొగ్గు అడ్డం వస్తే అలాగే ఉంటుంది. మా గది గాలి మొత్తం 34 ఘనపు మీటర్లు కాబట్టి గంటకు ఒకటింబావు సార్లకు కాస్త తక్కువగా ఫిల్టరులోంచి తిరుగుతుంది. బొగ్గు ఆక్రమించిన చోటు 6 లీటర్లు కనుక, గాలి అందులో అర సెకనుకు పైగా నిలుస్తుంది. ఆ స్పాంజి రేకుతో పోలిస్తే ఇది అరవై రెట్లకు మించి. ఇంకా పెద్ద ఫ్యాను పెట్టాలన్న కోరిక నాకూ కలిగింది. దానివల్ల గాలి వేగంగా తిరుగుతుంది కానీ ఈ అర సెకను తగ్గిపోతుంది, మోత పెరుగుతుంది. రాత్రి పడుకునే గదిలో ఇప్పుడున్న సన్నని రొదే చాలు.

ఇక ఫలితాల విషయం. తలుపు వేసి, ఒక రోజు ఫిల్టరుతోనూ, ఒక రోజు బొగ్గు లేని ఖాళీ పంజరంలో ఫ్యాను మాత్రమే తిప్పుతూనూ పోల్చి చూశాను. ఏ రోజు ఏదన్నది మా అత్తగారికి చెప్పలేదు. డక్టు నుంచి వచ్చిన తాలింపు, ఇంగువ వాసనలు ఖాళీ ఫ్యానుతో పదకొండు గంటల దాకా గదిలో ఉండగా, బొగ్గుతో గంటలోపే ఆవిడకు తెలియకుండా పోయాయి. కిందింటివారు తలుపులకు ఎనామిల్ రంగు వేయించినప్పుడు వచ్చిన తిన్నరు ఘాటు మీద ఇది చూపిన ప్రతాపం నన్నే ఆశ్చర్యపరిచింది. అది సహజమే, అలాంటి ద్రావణుల ఆవిర్లంటే కార్బన్‌కు మహా ఇష్టం. బీరువాలోని నాఫ్తలీన్ ఉండల వాసనా తగ్గింది. అగరుబత్తి వాసన పోయింది కానీ పొగ పోలేదు. పొగ సన్నని రేణువులు, వాటికి వేరే రకం దట్టమైన ఫిల్టరు కావాలి. దుమ్ముకు కూడా అదే మాట.

ఎండు నెత్తళ్ళ దగ్గర మాత్రం ఫిల్టరు సగంలోనే చేతులెత్తేసింది. వేపుడు వాసన తగ్గి, అసలు నీచు వాసన మిగిలింది. చేపల నీచుకు ప్రధాన కారణమైన ట్రైమిథైల్ అమైన్ చాలా తేలికైన అణువు, పైగా క్షార గుణం కలది. అమోనియా కూడా ఇదే కుదురుకు చెందినదే. ఇలాంటివాటిని మామూలు కార్బన్ గట్టిగా పట్టుకోలేదు. ఫాస్ఫారిక్ ఆమ్లం పట్టించిన ప్రత్యేకమైన కార్బన్ వాడితే ఫలితం ఉంటుంది. ఆమ్లంతో క్షారాన్ని కట్టేయడమనే ఈ సూత్రాన్ని మన వంటింట్లో ఏనాడో పట్టుకున్నారు. చేప ముక్కలను నిమ్మరసంతోనో చింతపండు పులుసుతోనో కడగడం ఇందుకే. మరుగుదొడ్డి అమోనియా విషయంలోనూ, కొత్త ప్లైవుడ్ బీరువా నుంచి వచ్చే ఫార్మాల్డిహైడ్ విషయంలోనూ కూడా ఈ బొగ్గు మీద ఆశ పెట్టుకోకూడదు. మురుగు వాసన కోసం నేను నెల రోజులు ఫిల్టరును తిప్పి తిప్పి, చివరికి ప్లంబరును పిలిస్తే, వాడని స్నానాలగదిలో నహాని ట్రాప్ (నేలమీది తూము కింద నీళ్ళు నిలిచి మురుగు వాసనను ఆపే వంపు) ఎండిపోయిందని చూపించి, చెంబెడు నీళ్ళు పోసి, ఏమీ పుచ్చుకోకుండా వెళ్ళిపోయాడు.

విశాఖలో ఈ ఫిల్టరుకు అసలైన శత్రువు ఉక్కపోత. గాలిలో తేమ 60, 70 శాతం దాటితే ఆ సూక్ష్మరంధ్రాల్లో నీరే ముందుగా చేరి కూర్చుంటుంది, వాసనలకు చోటు తగ్గుతుంది. జులైలో 200 గ్రాముల కొత్త బొగ్గును పళ్ళెంలో పోసి బాల్కనీలో నాలుగు రోజులు ఉంచి తూచితే 256 గ్రాములైంది. పెరిగినదంతా దాదాపు నీరే. ఏప్రిల్‌లో గంటలోపు పోయిన తాలింపు వాసన జులైలో రెండు గంటలు తీసుకోవడానికి ఇది ఒక కారణం, బొగ్గు నిండిపోవడం ఇంకో కారణం. ఏసీ వేసిన రోజుల్లో తేమ తగ్గి ఫిల్టరు పనితనం మెరుగైనట్లు స్పష్టంగా తెలిసింది. ఎండాకాలపు తెలంగాణ ఊళ్ళలో ఇదే ఫిల్టరు నాకంటే బాగా పనిచేస్తుందని అనుకోవడానికి తగినంత కారణం ఉంది.

ఐదో నెల చివర, ఏ వంటా లేని మధ్యాహ్నం పూట ఫ్యాను మూతి నుంచి సన్నగా పాత వాసన రావడం మొదలైంది. బొగ్గు పట్టుకున్నది శాశ్వతంగా కాదు. వేడెక్కినా, తనకు మరింత ఇష్టమైన అణువు వచ్చినా, బలహీనంగా పట్టుకున్నదాన్ని వదిలేస్తుంది. రెండు రోజులు ఎండలో పెడితే తేమ పోయి కాస్త తేరుకుంది, అంతే. ఎండలో పెడితే కొత్తదవుతుందని కొందరు చెప్పే మాటను నమ్మనక్కర్లేదు, అసలైన పునరుద్ధరణకు మళ్ళీ ఎనిమిది వందల డిగ్రీల ఆవిరి కొలిమి కావాలి. అయినా ఆశ చావక గుప్పెడు పాత బొగ్గును పాత పెనం మీద వేసి గ్యాసు పొయ్యి వెలిగించాను. తాలింపు పెట్టకుండానే ఐదు నెలల తాలింపులు ఒక్కసారిగా ఇల్లంతా కమ్ముకున్నాయి. వాటితోపాటు కిందింటి తిన్నరు కూడా. దయచేసి ఈ పని ఎవరూ చేయవద్దు. ద్రావణుల ఆవిర్లు పట్టుకున్న బొగ్గు వేడికి అంటుకునే ప్రమాదం ఉంది, మూసిన గదిలో బొగ్గు రాజుకుంటే వచ్చే కార్బన్ మోనాక్సైడ్ ప్రాణాలు తీస్తుంది.

ఇంతకంటే ముఖ్యమైన హెచ్చరిక ఇంకొకటి ఉంది. వంటగ్యాసుకు సొంత వాసన దాదాపు ఉండదు. లీకైతే తెలియాలని మెర్కాప్టాన్ అనే ఘాటైన గంధక పదార్థాన్ని కలుపుతారు. కార్బన్ ఆ మెర్కాప్టాన్‌ను పట్టుకుంటుంది, గ్యాసును మాత్రం ఆపదు. అంటే పొయ్యి పక్కన ఈ ఫిల్టరు పెడితే, ప్రమాదం అలాగే ఉండి హెచ్చరిక మాత్రం మందగించవచ్చు. అందుకే నేను దీన్ని వంటగదిలో పెట్టలేదు, సిలిండరు ఉన్న చోట పెట్టవద్దని అడిగినవారికి చెబుతున్నాను. గ్యాసు గీజరు ఉన్న స్నానాలగదికి గాలి వెళ్ళే దారే రక్ష. కార్బన్ మోనాక్సైడ్‌ను ఈ బొగ్గు ఏమీ చేయలేదు.

ఖర్చు విషయానికొస్తే బొగ్గు 900, జాలీలు 250, ఫ్యాను 450, అడాప్టరు 200, ప్లైవుడ్ కోత కూలితో 150, మొత్తం 1,950 రూపాయలైంది. ఫ్యాను 3 వాట్లకు మించి తీసుకోదు కాబట్టి నెలంతా ఆడినా కరెంటు రెండు యూనిట్ల పైచిలుకే. ఐదు నెలలకొకసారి 3 కిలోల బొగ్గు మార్చడానికి సుమారు 540 రూపాయలు. నేను కొన్న బొగ్గుకు ఐదుకు నాలుగు మార్కులు ఇస్తాను, పరీక్ష పత్రం వచ్చి ఉంటే, అడుగున అంత పొడి లేకుంటే ఐదూ ఇచ్చేవాణ్ణి. కట్టిన ఫిల్టరుకు మూడున్నర. తాలింపులూ రంగులూ ఇబ్బందిగా ఉన్న, కిటికీ సదుపాయం లేని చిన్న గదికి ఇది పెట్టిన డబ్బుకు న్యాయం చేస్తుంది. హాలు, వంటగది కలిసిపోయిన పెద్ద ఇళ్ళలో ఇంత చిన్నది సరిపోదు. అక్కడ పొయ్యిమీద బయటికి గొట్టం ఉన్న చిమ్నీ పెట్టించుకోవడమే మేలు. కిటికీ నిజంగా బయటికి తెరుచుకునే గదికి ఇవేవీ అక్కర్లేదు.

జులై చివర మళ్ళీ నింపినప్పుడు మిగిలిన రెండు కిలోలకు ఇంకో సంచి తెప్పించి కలిపాను. ఈసారి మిగులును గాలి చొరని పాత నూనె డబ్బాలో మూతకు టేపు వేసి దాచాను. ఎందుకంటే సంచి మూతి విప్పి వదిలేస్తే బొగ్గు వాడకుండానే ఇంట్లోని వాసనలతో, తేమతో నిండిపోతుంది. తీసేసిన పాత బొగ్గులో తిన్నరు ఆవిర్లు ఉన్నందున మొక్కల కుండీల్లో వేయలేదు, సంచిలో కట్టి పొడి చెత్తవారికి ఇచ్చాను. నెత్తళ్ళ సంగతి ఇంకా తేలలేదు. ఆమ్లం పట్టించిన కార్బన్ చిల్లరగా కిలో రెండు కిలోలు ఇచ్చేవారు దొరికితే లోపలి పొరగా వేసి చూడాలని ఉంది. అప్పటిదాకా ఆదివారాలు ఆ కిటికీ మూసే ఉంచుతున్నాం.